బల్ల ఒకటి, భయాలు ఆరు

2003 ఆగస్టు 27న బీజింగ్‌లోని దియావోయుతాయ్ ప్రభుత్వ అతిథి గృహంలో ఆరు పక్కలున్న బల్ల ఒకటి వేశారు. దాని చుట్టూ ఉత్తర కొరియా, దక్షిణ కొరియా, చైనా, జపాన్, రష్యా, అమెరికా ప్రతినిధులు కూర్చున్నారు. కొరియా ద్వీపకల్పంలో అణ్వాయుధాలు ఉండకూడదన్న మాట మీద ఆరు దేశాలకూ పేచీ లేదు. ఉత్తర కొరియా కూడా నోటితో ఆ మాటే అంది. ఆ తర్వాత ఐదేళ్లకు పైగా చర్చలు నడిచాయి, ఆగాయి, మళ్లీ నడిచాయి. 2008 డిసెంబరు తర్వాత ఆ ఆరు దేశాలూ మళ్లీ అలా ఒక బల్ల చుట్టూ చేరలేదు.

ఈలోగా ఉత్తర కొరియా 2006 నుంచి 2017 వరకు ఆరు అణు పరీక్షలు చేసింది. ప్రపంచ ఆయుధాల లెక్కలు చూసే స్టాక్‌హోంలోని సిప్రి సంస్థ అంచనా ప్రకారం 2025 మొదటికి ఆ దేశం దగ్గర సుమారు 50 వార్‌హెడ్లు, అంటే క్షిపణికి బిగించే అణు బాంబులు, ఉన్నాయి. అందరూ వద్దన్న పనే అందరి కళ్ల ముందూ జరిగిపోయింది.

ఎందుకు జరిగింది అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. ఉత్తర కొరియా మోసం చేసిందని కొందరు, అమెరికా మాట నిలబెట్టుకోలేదని కొందరు అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ వీళ్లిద్దరినే చూస్తూ ఉంటే చుట్టుపక్కల దేశాల సంగతి మరుగున పడిపోతుంది. అణ్వాయుధాలు వద్దు అనేది ఆ బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ఒక్కరికీ రెండో కోరిక. మొదటి కోరిక ఎవరిది వాళ్లకు వేరే ఉంది. రెండో కోరిక కోసం మొదటిదాన్ని వదులుకోవడానికి ఎవరూ సిద్ధపడలేదు. ఈ ఒక్క విషయం పట్టుకుని చూస్తే ముప్పై ఏళ్ల చిక్కుముడి చాలావరకు విడిపోతుందని నా నమ్మకం.

చర్చలకు ముందు కథ

ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌కు ఉత్తరాన యోంగ్‌బ్యోన్ అనే చోట ఒక చిన్న రియాక్టర్ ఉంది. 5 మెగావాట్లది, 1986లో పనిచేయడం మొదలుపెట్టింది. దాంతో దేశానికి చెప్పుకోదగ్గ కరెంటు రాదు. అయితే అందులో వాడేసిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీయవచ్చు. ప్లుటోనియంతో బాంబు చేయవచ్చు. ఉత్తర కొరియా 1985లోనే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది కాబట్టి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలకు ఒప్పుకోవాలి. 1992లో తనిఖీదారులు వెళ్లి నమూనాలు తీసి పరీక్షిస్తే, ఆ దేశం చెప్పిన ప్లుటోనియం లెక్కకూ నమూనాల్లో తేలినదానికీ పొంతన కుదరలేదు. గొడవ అక్కడ మొదలైంది.

1994 వేసవికి యోంగ్‌బ్యోన్ మీద బాంబులు వేసే ఆలోచన అమెరికాలో గట్టిగా నడిచింది. అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు కిమ్ యంగ్-సామ్ దాన్ని తాను గట్టిగా వ్యతిరేకించానని తర్వాత చెప్పుకున్నారు. ఆయన టెన్షన్ అర్థం చేసుకోవడానికి మ్యాప్ చూస్తే చాలు. సరిహద్దు నుంచి దక్షిణ కొరియా రాజధాని సియోల్ 50 కిలోమీటర్లు కూడా ఉండదు. సరిహద్దుకు అవతల కొండల్లో ఉత్తర కొరియా ఫిరంగులు ఉన్నాయి. దక్షిణ కొరియా జనాభాలో దాదాపు సగం మంది సియోల్‌లోనూ దాన్ని ఆనుకున్న ఊళ్లలోనూ ఉంటారు. బాంబు యోంగ్‌బ్యోన్‌లో పడితే జవాబు పడేది వాళ్ల నెత్తిన.

ఆ జూన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్యాంగ్యాంగ్ వెళ్లి ఉత్తర కొరియా నేత కిమ్ ఇల్ సంగ్‌తో మాట్లాడారు. జులైలో కిమ్ ఇల్ సంగ్ చనిపోయాడు. అయినా అక్టోబరు 21న జెనీవాలో ఒప్పందం కుదిరింది. ఉత్తర కొరియా యోంగ్‌బ్యోన్‌ను ఆపేస్తుంది. బదులుగా బాంబు పనికి అంత తేలిగ్గా లొంగని రకం రియాక్టర్లు రెండు, ఒక్కొక్కటి వెయ్యి మెగావాట్లవి, కట్టిస్తారు. అవి పూర్తయ్యేదాకా ఏడాదికి 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఇస్తారు.

సంతకం చేసింది అమెరికా, ఉత్తర కొరియా. రియాక్టర్ల ఖర్చులో పెద్ద వాటా పడింది దక్షిణ కొరియా మీద, ఆ తర్వాత జపాన్ మీద. జెనీవా గదిలో ఆ రెండు దేశాలకూ కుర్చీ లేదు. ఈ పని కోసం పెట్టిన కేడో అనే సంస్థ ద్వారా దక్షిణ కొరియా వంద కోట్ల డాలర్లకు పైగా పోసింది. చివరికి మూడో వంతు పని అయ్యాక ప్రాజెక్టు ఆగిపోయింది, 2006లో మూతపడింది. డబ్బు పెట్టేవాళ్లం మేము, మాట్లాడేది మీరా అన్న బాధ సియోల్‌లోనూ టోక్యోలోనూ అప్పటి నుంచీ ఉంది. ఆ తర్వాత వచ్చిన చర్చల్లో పొరుగు దేశాలన్నీ మాకూ కుర్చీ కావాలని పట్టుబట్టడానికి ఆ బాధ కూడా ఒక కారణం.

2002 అక్టోబరులో అమెరికా ప్రతినిధి జేమ్స్ కెల్లీ ప్యాంగ్యాంగ్ వెళ్లి, మీరు బాంబు కోసం రహస్యంగా యురేనియం శుద్ధి చేస్తున్నారని నిలదీశాడు. నెల తిరిగేసరికి ఆయిల్ ఆపాలని నిర్ణయం అయిపోయింది. 2003 జనవరిలో ఉత్తర కొరియా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచే బయటికి వచ్చేసింది. ఎనిమిదేళ్లు నడిచిన ఏర్పాటు మూడు నెలల్లో కూలింది. ఆ మార్చిలోనే అమెరికా ఇరాక్ మీదకు వెళ్లింది. తర్వాతి వంతు కొరియాదేనేమో అన్న భయంతో చైనా కదిలింది, ఆరు దేశాలనూ బీజింగ్‌కు పిలిచింది.

ఎవరి భయం వాళ్లది

చైనాకు ఉత్తర కొరియాతో సుమారు 1,400 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. పెదవి పోతే పళ్లకు చలి అని చైనా వాళ్లకు పాత సామెత ఒకటి ఉంది. కొరియా గురించి మాట్లాడేటప్పుడు తరచూ అదే వాడతారు. 1950లో కొరియా యుద్ధంలో అమెరికా సేనలు సరిహద్దులోని యాలూ నది వైపు వస్తుంటే చైనా తన సైన్యాన్ని నది దాటించింది, లక్షల మందిని పోగొట్టుకుంది. మావో సొంత కొడుకు ఆ యుద్ధంలోనే చనిపోయాడు. కాబట్టి బీజింగ్‌కు అన్నిటికంటే పెద్ద భయం ఉత్తర కొరియా ప్రభుత్వం కూలిపోవడం. కూలితే లక్షల మంది శరణార్థులు నది దాటి వస్తారు, ఆ తర్వాత అమెరికా సైనికులున్న ఐక్య కొరియా తన గుమ్మం ముందుకు వస్తుంది. అణు బాంబు కూడా చైనాకు ఇష్టం లేదు. ఉత్తర కొరియా అణు పరీక్షలు చేసిన పుంగ్యేరి చైనా సరిహద్దుకు దగ్గర్లోనే ఉంది. 2017లో పరీక్ష జరిగినప్పుడు అవతల చైనా ఊళ్లలో భూమి కదిలింది. కానీ బాంబును భరించగలదు, కూలడాన్ని భరించలేదు. ఉత్తర కొరియా విదేశీ వ్యాపారంలో 90 శాతానికి పైగా చైనాతోనే. గొంతు నొక్కగలిగిన చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతికే నొక్కాలని లేదు.

దక్షిణ కొరియాకు మొదటి భయం యుద్ధం. దాని పక్కనే మరొకటి ఉంది, విడిపోయిన కుటుంబాలు. సరిహద్దుకు చెరోవైపు ఉండిపోయిన అన్నదమ్ములు, తల్లీబిడ్డలు. 2000లో దక్షిణ కొరియా అధ్యక్షుడు కిమ్ డే-జుంగ్ ప్యాంగ్యాంగ్ వెళ్లి వచ్చాక కొన్ని వేల మందికి కొద్ది గంటలపాటు ఒకరినొకరు చూసుకునే అవకాశం దొరికింది. యాభై ఏళ్ల తర్వాత అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు తడుముకుంటున్న ఆ దృశ్యాలు చూసినవాళ్లకు, దక్షిణ కొరియా ఎందుకు మాటిమాటికీ మెత్తబడుతుందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అయితే దక్షిణ కొరియాలో అధ్యక్షుడికి ఒక్కటే పదవీకాలం, ఐదేళ్లు. ఒకరు తలుపు తీస్తారు, తర్వాత వచ్చినవారు వేస్తారు. కిమ్ డే-జుంగ్, రో మూ-హ్యున్ పదేళ్లు స్నేహ హస్తం చాపితే 2008లో లీ మ్యుంగ్-బాక్ వచ్చి, ముందు అణ్వాయుధాలు వదలండి, తర్వాతే సాయం అన్నారు. అవతల ఉత్తర కొరియాను తాత, తండ్రి, మనవడు వరసగా ఏలుతున్న కిమ్ కుటుంబం మాత్రం మారదు.

జపాన్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు సరిగా అర్థం కానిది అదే. 1970లలో, 80లలో జపాన్ తీరాల నుంచి మనుషులు మాయమయ్యారు. నీగాతాలో 13 ఏళ్ల బాలిక ఒకతె బడి నుంచి ఇంటికి వస్తూ కనిపించకుండా పోయింది. అది 1977. ఉత్తర కొరియా గూఢచారులే ఎత్తుకుపోయారన్న అనుమానం ఏళ్ల తరబడి ఉంది. 2002 సెప్టెంబరు 17న ప్రధాని కొయిజుమి ప్యాంగ్యాంగ్ వెళ్లినప్పుడు కిమ్ ఇల్ సంగ్ కొడుకు, అప్పటి నేత కిమ్ జోంగ్ ఇల్ ఆ సంగతి ఒప్పుకున్నాడు. 13 మందిని ఎత్తుకొచ్చామని, వారిలో ఐదుగురు బతికి ఉన్నారని, ఎనిమిది మంది చనిపోయారని చెప్పారు. ఒప్పుకుంటే పాత గాయం మానుతుందని కొయిజుమి, కిమ్ ఇద్దరూ అనుకుని ఉండాలి. జరిగింది వేరు. ఆ ఒప్పుకోలుతో జపాన్ మొత్తం కోపంతో, దుఃఖంతో ఊగిపోయింది. బతికున్న ఐదుగురూ అక్టోబరులో ఇంటికి వచ్చారు. చనిపోయారన్న ఎనిమిది మంది విషయంలో చూపిన ఆధారాలను జపాన్ నమ్మలేదు. ఆ బాలిక అస్థికలని పంపినవి డీఎన్‌ఏ పరీక్షలో వేరేవారివని తేలాయని 2004లో జపాన్ ప్రకటించింది. అప్పటి నుంచి జపాన్ ప్రధానులు చాలామంది అపహృతుల గుర్తుగా కోటుకు నీలి రిబ్బన్ పెట్టుకుని, అపహరణల సంగతి తేలకుండా ఉత్తర కొరియాకు సాయం లేదనే చెబుతూ వచ్చారు. తప్పు పట్టడం నావల్ల కాదు. కానీ అణు చర్చల మీద దాని ప్రభావం చాలా పెద్దది.

రష్యాకు ఉత్తర కొరియాతో ఉన్న సరిహద్దు తూమెన్ నది వెంట 17 కిలోమీటర్లే. అప్పట్లో దానికి కావాల్సింది తూర్పు ఆసియా వ్యవహారాల్లో తననూ లెక్కలోకి తీసుకోవడం. అమెరికా భయం, ఈ పరిజ్ఞానం మరొకరి చేతికి అమ్ముడుపోతుందేమోనని. ఉత్తర కొరియా భయం అందరికీ తెలిసిందే, తన ప్రభుత్వం బతకాలి. లిబియాలో గద్దాఫీ 2003 డిసెంబరులో అణు కార్యక్రమం వదులుకున్నాడు. 2011లో నాటో విమానాలు లిబియా మీదకు వెళ్లినప్పుడు ఉత్తర కొరియా విదేశాంగ శాఖ, చూశారా, ఆయుధాలు వదులుకుంటే ఇదే గతి అని అర్థం వచ్చేలా ప్రకటన ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో గద్దాఫీ చచ్చిపోయాడు. ప్యాంగ్యాంగ్‌లో ఎవరైనా ఆయుధాలు వదులుకుందామని ఆలోచించి ఉంటే, ఆ రోజుతో ఆ ఆలోచన కూడా పోయి ఉంటుంది.

రెండున్నర కోట్ల డాలర్లు

2005 సెప్టెంబరు 19న ఆరు దేశాలూ కలిసి ఒక ప్రకటన చేశాయి. ఇప్పటికీ ఈ విషయంలో ఇంతకంటే మంచి కాగితం లేదు. ఉత్తర కొరియా అన్ని అణ్వాయుధాలనూ, ఉన్న అణు కార్యక్రమాలనూ వదులుకుంటుంది. అమెరికా దాడి చేయదు. మిగతావారు కరెంటు, ఇంధనం ఇస్తారు. అందరూ సంబంధాలు బాగుచేసుకుంటారు. పద్ధతి ఏమిటంటే మాటకు మాట, పనికి పని. నువ్వొక అడుగు వేస్తే నేనొక అడుగు వేస్తాను.

సరిగ్గా నాలుగు రోజుల ముందు, సెప్టెంబరు 15న, వాషింగ్టన్‌లో మరో శాఖ మరో పని చేసింది. చైనా ఏలుబడిలోని మకావులో ఉన్న బాంకో డెల్టా ఏషియా అనే చిన్న బ్యాంకు ఉత్తర కొరియా దొంగ డబ్బును చలామణీ చేస్తోందని అమెరికా ఆర్థిక శాఖ ప్రకటించింది. ఖాతాదారులు డబ్బు కోసం బ్యాంకు ముందు బారులు తీరారు. మకావు అధికారులు బ్యాంకును తమ చేతిలోకి తీసుకుని ఉత్తర కొరియా ఖాతాలను స్తంభింపజేశారు. మొత్తం సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. ఒక దేశానికి అది పెద్ద సొమ్ము కాదు. కానీ ఆ బ్యాంకుకు పట్టిన గతి చూసి మిగతా బ్యాంకులు కూడా ఉత్తర కొరియా పేరు వింటేనే దూరం జరిగాయి. దెబ్బ అక్కడ తగిలింది.

ఆ డబ్బు వచ్చేదాకా చర్చల్లేవంది ఉత్తర కొరియా. పది నెలలు గడిచాయి. 2006 జులైలో క్షిపణులు వదిలింది. అక్టోబరు 9న మొదటి అణు పరీక్ష చేసింది. చైనా విదేశాంగ శాఖ మిత్రదేశాల మీద మామూలుగా వాడని కటువైన మాట వాడింది, భద్రతా మండలిలో ఆంక్షలకు ఓటేసింది. అందరూ మళ్లీ బల్ల దగ్గరకు వచ్చారు. 2007 ఫిబ్రవరి 13న కొత్త ఒప్పందం కుదిరింది. యోంగ్‌బ్యోన్ మూసేస్తే, అక్కడి సదుపాయాలను పనికిరాకుండా చేస్తే విడతలవారీగా 10 లక్షల టన్నుల ఆయిల్ లేదా అంత విలువైన సాయం.

మకావు డబ్బు తిరిగి ఇచ్చేస్తామని అమెరికా ఒప్పుకుంది. తీరా ఇద్దామంటే ఏ బ్యాంకూ ఆ డబ్బును ముట్టుకోలేదు. ముట్టుకుంటే రేపు తమ మీద పడతారని భయం. అధికారులు నెలల తరబడి బ్యాంకుల చుట్టూ తిరిగారు. చివరికి 2007 జూన్‌లో ఆ సొమ్ము మకావు నుంచి న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్‌కు, అక్కడి నుంచి రష్యా కేంద్ర బ్యాంకుకు, అక్కడి నుంచి రష్యా తూర్పు కొసన ఉన్న ఒక బ్యాంకులోని ఉత్తర కొరియా ఖాతాకు చేరింది. ఎందుకూ పనికిరాదనుకున్న రష్యా కుర్చీ ఆ రోజు పనికొచ్చింది. జులైలో యోంగ్‌బ్యోన్ మూతపడింది. మధ్యలో పోయిన దాదాపు రెండేళ్లలో ఉత్తర కొరియా బాంబు పరీక్షించని దేశం నుంచి బాంబు పరీక్షించిన దేశంగా మారిపోయింది. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ రెండేళ్లే. ఒక శాఖ చేస్తున్నది ఇంకో శాఖకు పట్టకపోవడం వల్ల పోయిన కాలం అది.

ఆయిల్ వాటాలు వేసుకునే దగ్గర జపాన్ తన వాటా ఇవ్వనంది. కారణం అపహరణలు. మిగతా నలుగురూ ఇస్తూ పోయారు కానీ లెక్క ఎప్పుడూ పూర్తిగా తీరలేదు. మేము చేసిన పనికి మీరు ఇచ్చింది తక్కువ అని ఉత్తర కొరియా ప్రతిసారీ దెప్పేది.

2008 మేలో ఉత్తర కొరియా యోంగ్‌బ్యోన్ నిర్వహణకు సంబంధించిన 18 వేల పేజీల రికార్డులను అమెరికాకు అప్పగించింది. జూన్ 27న విదేశీ టీవీ కెమెరాల ముందు యోంగ్‌బ్యోన్ కూలింగ్ టవర్‌ను పేల్చి కూల్చింది. ఆ అక్టోబరులో ఉగ్రవాదాన్ని పోషించే దేశాల జాబితా నుంచి అమెరికా దాని పేరు తీసేసింది. జపాన్‌లో అపహృతుల కుటుంబాలు ఆ రోజు తమను వదిలేశారని బాధపడ్డాయి.

అక్కడి నుంచి కథ ముందుకు వెళ్లలేదు. ఇచ్చిన లెక్క నిజమా కాదా అని చూడాలంటే మట్టి నమూనాలు, వ్యర్థాల నమూనాలు తీసుకెళ్లి పరీక్షించాలని మిగతావాళ్లు అన్నారు. 1992లో తన గుట్టు బయటపడింది ఆ నమూనాలతోనే అని ఉత్తర కొరియాకు గుర్తుంది. కుదరదంది. డిసెంబరు సమావేశం ఏమీ తేలకుండా ముగిసింది. 2009 ఏప్రిల్‌లో రాకెట్ ప్రయోగం, దాన్ని ఖండిస్తూ భద్రతా మండలి ప్రకటన, ఆ మర్నాడే ఇక ఈ చర్చలకు ఎన్నటికీ రామని ఉత్తర కొరియా ప్రకటన. మేలో రెండో అణు పరీక్ష.

తనిఖీ ఎందుకు అంత కష్టమో 2010 నవంబరులో ఇంకా బాగా తెలిసింది. అమెరికా అణు శాస్త్రవేత్త సీగ్‌ఫ్రీడ్ హెకర్‌ను యోంగ్‌బ్యోన్‌లో ఒక కొత్త భవనంలోకి తీసుకెళ్లారు. లోపల యురేనియం శుద్ధి చేసే యంత్రాలు, సెంట్రిఫ్యూజ్‌లు, సుమారు రెండు వేలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. రియాక్టర్ నడిస్తే ఆవిరి పైకి లేస్తుంది, వేడి నీళ్లు నదిలోకి వెళ్తాయి, ఉపగ్రహం నుంచి పట్టుకోవచ్చు. సెంట్రిఫ్యూజ్‌లను మామూలు గోదాము లాంటి షెడ్డులో పెట్టినా బయటికి పెద్దగా తెలియదు. కాబట్టి యోంగ్‌బ్యోన్ ఒక్కటీ మూయిస్తే సరిపోయే రోజులు అప్పటికే పోయాయి.

క్షిపణి ఒకరిది, శిక్ష మరొకరికి

పొరుగు దేశాల మధ్య అపనమ్మకం ఎంత లోతుగా ఉందో చెప్పడానికి థాడ్ గొడవ ఒక్కటి చాలు. 2016లో ఉత్తర కొరియా రెండు అణు పరీక్షలు చేసింది. వచ్చే క్షిపణులను గాల్లోనే కూల్చడానికి థాడ్ అనే అమెరికా రక్షణ వ్యవస్థను తమ నేల మీద పెట్టడానికి దక్షిణ కొరియా ఒప్పుకుంది. సోంగ్జు దగ్గర లోట్టె కంపెనీకి చెందిన గోల్ఫ్ కోర్సును దానికి కేటాయించారు. చైనాకు కోపం వచ్చింది. థాడ్ రాడార్ తన లోపలి ప్రాంతాలను కూడా తొంగిచూస్తుందని దాని వాదన. చైనాలో లోట్టె దుకాణాలు భద్రతా లోపాల పేరుతో వరసగా మూతపడ్డాయి. కొరియా వెళ్లే గ్రూపు టూర్లు ఆగిపోయాయి. 2017లో దక్షిణ కొరియాకు వచ్చిన చైనా పర్యాటకుల సంఖ్య అంతకు ముందు ఏడాదితో పోలిస్తే సగానికి పడిపోయింది.

సియోల్‌లోని ఒక హోటల్ యజమాని వైపు నుంచి చూడండి. బాంబు చేసింది ఉత్తర కొరియా. తప్పించుకోవడానికి గొడుగు పట్టుకుంది తన దేశం. దెబ్బ పడింది తన హోటల్ మీద. అదే ఏడాది చైనా భద్రతా మండలిలో ఉత్తర కొరియా బొగ్గు, చేపలు, బట్టల ఎగుమతుల మీద ఆంక్షలకు ఓటేసింది, శుద్ధి చేసిన ఆయిల్‌ను ఏడాదికి 5 లక్షల బ్యారెళ్లకు కుదించింది. ఉత్తర కొరియా మీద కోపమూ నిజమే, అమెరికా రాడార్ మీద అనుమానమూ నిజమే. రెండోది ఎక్కువ. అంతే.

అమెరికా అధ్యక్షుడు ట్రంప్, కిమ్ జోంగ్ ఇల్ కొడుకు కిమ్ జోంగ్ ఉన్ 2018, 2019లలో జరిపిన శిఖరాగ్ర సమావేశాల గురించి అందరికీ తెలుసు. సింగపూర్‌లో చేతులు కలిపారు, హనోయ్‌లో ఒప్పందం లేకుండా లేచి వెళ్లారు. యోంగ్‌బ్యోన్‌ను కూల్చేస్తాను, 2016 నుంచి పెట్టిన ముఖ్యమైన ఆంక్షలు తీసేయండి అని కిమ్ జోంగ్ ఉన్ అడిగాడు. ట్రంప్ చాలదన్నాడు. ఆ రెండేళ్లూ మధ్యవర్తిగా తిరిగిన దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే-ఇన్ ఆ గదిలో లేడు. 2020 జూన్‌లో సరిహద్దు దగ్గర కేసోంగ్‌లో ఉన్న రెండు కొరియాల ఉమ్మడి సంప్రదింపుల కార్యాలయాన్ని ఉత్తర కొరియా బాంబు పెట్టి లేపేసింది.

అసలు మార్పు వచ్చింది 2022లో, ఉక్రెయిన్ యుద్ధంతో. అప్పటిదాకా చైనా, రష్యా గొణుక్కుంటూనైనా ఆంక్షలకు ఓటేసేవి. ఆ ఏడాది మేలో ఖండాంతర క్షిపణి పరీక్షల మీద కొత్త ఆంక్షలను రెండూ కలిసి వీటో చేశాయి. 2024 మార్చిలో రష్యా ఇంకో వీటోతో, ఆంక్షల అమలును గమనించే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందాన్నే లేకుండా చేసింది. ఆ జూన్‌లో పుతిన్ ప్యాంగ్యాంగ్ వెళ్లి, ఒకరి మీద దాడి జరిగితే మరొకరు సాయానికి రావాలన్న ఒప్పందం మీద సంతకం చేశాడు. కొన్ని నెలలకే ఉత్తర కొరియా సైనికులు రష్యాలోని కుర్స్క్‌లో ఉక్రెయిన్ సేనలతో పోరాడుతున్నారు. ఒకప్పుడు కుర్చీ దొరికితే చాలనుకున్న దేశం ఇప్పుడు గుండ్లు, సైనికులు కావాలని వచ్చింది. అడిగేవాడు ఉన్నాడు కాబట్టి ఉత్తర కొరియా బేరం పెరిగింది. 2025 సెప్టెంబరు 3న బీజింగ్ సైనిక కవాతులో షీ జిన్‌పింగ్ పక్కన ఒకవైపు పుతిన్, ఒకవైపు కిమ్ నడిచారు.

ఆపడమా, తీసేయడమా

2025 ఆగస్టులో దక్షిణ కొరియా కొత్త అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ మూడు మెట్ల పద్ధతి చెప్పారు. మొదట కార్యక్రమాన్ని ఉన్నచోట ఆపించడం, తర్వాత తగ్గించడం, చివరికి పూర్తిగా తీసేయడం. కిమ్ మరుసటి నెలలో జవాబిచ్చాడు. ట్రంప్ మీద తనకు మంచి జ్ఞాపకాలే ఉన్నాయని, అణ్వాయుధాలు వదలాలన్న పట్టుదల అమెరికా మానుకుంటే మాట్లాడటానికి అభ్యంతరం లేదని అన్నాడు. దక్షిణ కొరియాతో మాత్రం కూర్చునేది లేదన్నాడు. ఐక్యతను లక్ష్యంగా పెట్టుకోవడం అప్పటికే మానేశాడు. ప్యాంగ్యాంగ్‌లో ఐక్యతకు గుర్తుగా కట్టిన పెద్ద తోరణాన్ని 2024 జనవరిలోనే కూల్చేశారు.

ముందు ఆపించడం తెలివైన మాటే అని నేను అనుకుంటాను. 50 వార్‌హెడ్లు 100 కావడం కంటే 50 దగ్గర ఆగడం మేలు. కానీ ఆపడం అనే మాటను కాగితం మీద రాసేటప్పుడు, ఏది ఆపాలి అన్న ప్రశ్న వస్తుంది. వాషింగ్టన్‌కు అన్నిటికంటే ముందు ఆగాల్సింది తమ ఊళ్ల దాకా రాగల హ్వాసోంగ్ ఖండాంతర క్షిపణులు. వాటి పరీక్షలు ఆగితే అమెరికాలో ఎవరైనా విజయం అని చెప్పుకోవచ్చు. జపాన్‌ను చేరే నోదోంగ్ క్షిపణులు 1990ల నుంచే మోహరించి ఉన్నాయి. సియోల్‌ను చేరడానికైతే క్షిపణి కూడా అక్కర్లేదు, ఫిరంగి చాలు. 2017 ఆగస్టు 29న పొద్దున్నే జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదోలో సైరన్లు మోగి, ఫోన్లకు హెచ్చరికలు వచ్చి, క్షిపణి వస్తోంది, లోపలికి వెళ్లండి అన్నప్పుడు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తినవాళ్లకు ఏ క్షిపణి ఆగిందన్నది చాలా ముఖ్యం. రేపు వాషింగ్టన్, ప్యాంగ్యాంగ్ ఇద్దరే ఒక గదిలో కూర్చుని ఆపే జాబితా రాసుకుంటే, 1994లో లాగే బిల్లు టోక్యోకు, సియోల్‌కు వస్తుంది. ఈసారి వాళ్లు బిల్లు కట్టే ముందు ఆ జాబితా చూపించమంటారు. అందులో తమను చేరే క్షిపణుల పేర్లు ఉన్నాయో లేదో వెతుకుతారు.